చాట పక్కన తెరిచి ఉండే పుస్తకం

కోరుట్లలో నౌషీన్ టీచర్‌కు ఎవరైనా మైకు అందించబోతే ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటుంది. జెండా పండుగకు పిల్లల బ్యాడ్జీలు కుట్టమంటే కుడుతుంది. స్టేజి వెనక తెర కట్టమంటే స్టూలెక్కి కడుతుంది. పాట మధ్యలో మరిచిపోయిన పిల్లకు చాటునుంచి మాట అందిస్తుంది. మైకు మాత్రం ముట్టదు. తెలంగాణ వచ్చిన రోజు బడిలో లడ్డూలు పంచుతూ, బడి నడిపే రాజన్న సారు అందరి ముందూ పిలిచాడు.

"మా మేడం అప్పట్ల టెంటు కాడ మాట్లాడితె ఊరంత లేచి నిలబడ్డది. ఒక్క మాట చెప్పు మేడం."

"అప్పుడే చెప్పిన గద సార్" అని ఆమె లడ్డూల డబ్బా ఎత్తుకుని పిల్లల వరుసల్లోకి వెళ్లిపోయింది.

కొత్తగా చేరిన టీచర్లు అది సిగ్గు అనుకున్నారు. సిగ్గే. కాకపోతే వాళ్లు అనుకున్న రకం కాదు.

నౌషీన్ తండ్రి ఇబ్రహీంకు మసీదు గల్లీలో పుస్తకాల బైండింగ్ దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక అరుగు, ఒక రేకు, గోడకు ఆనించిన చెక్క ప్రెస్సు. ఆఫీసుల రిజిస్టర్లు, పాతబడ్డ ఖురాన్ ప్రతులు, జూన్ నెల వస్తే బడిపిల్లల చినిగిన పుస్తకాలు. నౌషీన్ చిన్నప్పుడు దారానికి మైనం రాసి ఇచ్చేది. ఇచ్చి ఊరుకునేది కాదు; కుట్టుకు వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ముందు చదివేది. ఉర్దూ మీడియం పిల్లకు ఇంగ్లిష్ అట్లా వచ్చింది, ఎవరివో చినిగిన పుస్తకాల్లోంచి, ఒకదాంట్లో మొదటి పేజీ ఉండదు, ఇంకోదాంట్లో చివరి పేజీ ఉండదు. పుస్తకం తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు "అయిందా ఇబ్రహీం భాయ్" అంటే, "కుట్టుడు అయింది, మా బిడ్డ చదువుడు కాలే, జర కూసో" అనేవాడు. నౌషీన్ డిగ్రీ దూరవిద్యలో కట్టి, ఊళ్లోని ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడిలో టీచరుగా చేరేనాటికి తండ్రికి చూపు మందగించి దుకాణం సగం మూతపడింది. ప్రెస్సు ఇంటికి వచ్చింది. తండ్రి మాట ఒకటి కూడా ఆమెతో వచ్చింది: కొత్త పుస్తకం చేతికి వస్తే ముందు వెన్ను చూడు, తర్వాత రాత చూడు.

బడిలో సగానికి పైగా బీడీలు చేసే తల్లుల పిల్లలు. నౌషీన్ తల్లి మహమూదా బేగం కూడా బీడీలే చేస్తుంది, కాబట్టి ఆ ఇళ్లలో చదువు ఎట్లా సాగుతుందో ఎవరూ చెప్పనక్కర లేదు. తల్లి ఒళ్లో చాట ఉంటుంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. చేతులు ఒక్క నిమిషం ఖాళీ ఉండవు. తంబాకు ఎగిరిపోతుందని ఫ్యాను వేయరు. పిల్ల ఎదురుగా కూర్చుని పుస్తకం నేల మీద పెడుతుంది, పెట్టి ఒక చేత్తో రాయాలి, ఇంకో చేత్తో తమ్ముణ్ని పట్టుకోవాలి. తల్లికి చదువు రాదు. కళ్లు మాత్రం ఉంటాయి, నోరు ఉంటుంది.

అందుకే నౌషీన్ ఏ కంపెనీ ఏజెంటు ఏ పుస్తకం మాదిరి ప్రతి ఇచ్చినా స్టాఫ్ రూములో దాని గురించి మాట్లాడేది కాదు. ఇంటికి తెచ్చేది. నేల మీద తెరిచి చేయి తీసేసేది. మూసుకుంటే ఆ పుస్తకం కథ అక్కడికే సరి. మూసుకోకపోతే దాన్ని తల్లి చాట పక్కకు జరిపేది.

ఇంట్లో మాట ఉర్దూలోనే. ఒకసారి నిగనిగలాడే పుస్తకం ఒకటి తెచ్చింది. తల్లీ తండ్రీ పిల్లలూ బల్ల చుట్టూ కూర్చుని తింటున్న బొమ్మ. మహమూదా బేగం బీడీ చుడుతూనే చూసింది.

"వీళ్లంత ఎందుకు నవ్వుతున్నరు?"

"తింటున్నరు అమ్మీ."

"తింటే నవ్వుతరా? ఏం కాలేదు గద ఇండ్ల. తీసెయ్."

అదీ పరీక్ష. చదువురాని మనిషి బొమ్మ చూసి ఏం జరిగిందో చెప్పగలగాలి. చెప్పాలనిపించాలి. అప్పుడే ఆ బొమ్మ కింద ఉన్న ఇంగ్లిష్ మాటకు ఇంట్లో ఒక తోడు దొరుకుతుంది. తల్లి కథ చెప్తుంది, పిల్ల మాట చదువుతుంది. ఇద్దరూ కలిస్తే ఒక టీచరు.

భూదేవి ఆ బడికి పిల్లను తెచ్చింది నౌషీన్‌ను చూసే. మేడిపల్లి దగ్గరి పల్లె వాళ్లది. భర్త ఎల్లేశం కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. పిల్ల ఇంగ్లిష్ బడికి పోవాలని భూదేవే పట్టుబట్టి కోరుట్లకు కాపురం మార్పించింది, బీడీలు ఎక్కడైనా చేయొచ్చు అని. కూతురు అక్షిత రెండో తరగతిలో చేరింది. ఆ ఏడు చలికాలంలో భూదేవి బడికి వచ్చి నౌషీన్ ముందు నిలబడింది.

"టీచరమ్మా, పిల్లను దీస్త."

"ఏమైంది భూదేవక్కా?"

"ఇంటికచ్చి పుస్తకం ముందటేసుకోని నా దిక్కు సూస్తది. నేను దాని దిక్కు సూస్త. ఇద్దరం గట్లనే సూసుకుంట కూసుంటున్నం. దాని నాయిన కల్లు దాగచ్చి, మీ తల్లీబిడ్డలు గుడ్లగూబలెక్క ఏంది గిట్ల అంటడు. మేడిపల్లి సర్కారు బడైతే మా అమ్మ దగ్గరుంటది. తెలుగన్న అస్తది."

నౌషీన్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ఏడు పుస్తకం తను ఎంచింది కాదు. వచ్చే ఏడు మూడో తరగతి ఇంగ్లిష్ పుస్తకం ఎంచే పని రాజన్న సారు తనకే ఇచ్చాడు.

"ఒక్క ఏడు ఆగు అక్కా. నువ్వు చదువు నేర్వాల్సిన పనిలేదు, చాట దించాల్సిన పనిలేదు. నువ్వు బొమ్మ సూసి కథ చెప్పు, పిల్ల చదువుతది. గట్లాంటి పుస్తకం తెస్త. మాట ఇస్తున్న."

"తెస్తవా?"

"తెస్త."

"అయితే ఆగుత" అంది భూదేవి. లేచి వెళ్తూ, "నీ అమ్మ గుడ బీడీలే చేస్తదట గద. గందుకే నీ మాట మీద ఆగుతున్న" అంది.

ఫిబ్రవరిలో సామేలు వచ్చాడు. రెండు భుజాలకు రెండు సంచులతో సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల బడులన్నీ తిరిగే ఏజెంటు అతను. సొంతూరు బోయినపల్లి. ఆ ఏడాది బస్సులు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో తెలియదు. తెలంగాణ కోసం సహాయ నిరాకరణ జరుగుతోంది, ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ, చౌరస్తాలో టెంటు. సామేలు లారీ ఎక్కి వచ్చి బడి వరండాలో సంచులు దించాడు.

"అక్కా, నువ్వు పుస్తకాలకు పెండ్లిచూపులు సూస్తవని అన్ని కంపెనీలోళ్లకు ఎరికే. గీ పిల్లను జర మంచిగ సూడు."

ఆ పుస్తకం కవరు మామూలుగా ఉంది. నౌషీన్ వెన్ను మీద బొటనవేలు నొక్కింది. లోపల కుట్టు తగిలింది. నేల మీద తెరిచి వదిలితే, అలసిన మనిషి పడుకున్నట్టు పడుకుంది.

సాయంత్రం మహమూదా బేగం ముందు పెట్టింది. ఒక మేక దండెం మీద ఆరేసిన చొక్కా నములుతోంది. ఇంటామె చీపురు ఎత్తింది. కింద ఒకే ఒక్క చిన్న వాక్యం.

"ఈమెకు బుద్ధి లేదు" అంది మహమూదా బేగం. "మేకను కట్టేయకుండ ఎవరన్న బట్టలారేస్తరా?"

"చొక్కా ఎవరిది అమ్మీ?"

"మొగునిది."

"నీకెట్ల తెల్సు?"

"ఆమెదైతే చీపురు ఈపాటికి మేక మీద పడేది. ఇంక గాలిలనే ఉన్నది సూడు."

పేజీ తిప్పితే నిజంగానే గడప దగ్గర చొక్కా లేని మొగుడు నిలబడి ఉన్నాడు. మహమూదా బేగం చాట వణికేలా నవ్వింది. తంబాకు కొంచెం నేలపాలైంది. లోపలి గదిలోంచి ఇబ్రహీం, "ఏంది నవ్వుతున్నరు" అని అడిగితే, తల్లి మొదటినుంచి మొత్తం చెప్పింది. ఒక్క అక్షరం రాని మనిషి రెండు పేజీల పుస్తకాన్ని వినిపించింది. నౌషీన్ మర్నాడు రాజన్న సారుకు ఆ పుస్తకమే అని చెప్పింది. సారు సరే అన్నాడు. భూదేవి ఎదురైతే, "దొరికింది అక్కా" అని కూడా చెప్పింది.

ఇంతవరకు అంతా పని. ఇక్కడ మాట వచ్చి పడింది.

మార్చిలో ఒకరోజు రిలే నిరాహార దీక్షలో కూర్చునే వంతు ప్రైవేటు బడి టీచర్లకు వచ్చింది. చౌరస్తాలో టెంటు, వెనక బ్యానరు, ముందు జనం. టెంటు అంచున బీడీల తల్లులు కూడా చాటలతో వచ్చి కూర్చున్నారు. పని ఆపలేరు, ఉద్యమమూ వదలరు. పాటలయ్యాయి. వకీళ్లు మాట్లాడారు. రాజన్న సారు మైకు తెచ్చి నౌషీన్ చేతిలో పెట్టాడు.

"మన బడి తరపున ఒక్క మాట."

ఆమె ఎన్నడూ మైకులో మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో తెలియక తనకు తెలిసిన దాని గురించి మొదలుపెట్టింది.

"మా పిల్లల ఇంగ్లిష్ పుస్తకాలల్ల ఏమున్నది? మంచుతోని కట్టిన ఇల్లున్నది. మనం ఎన్నడు తినని పండున్నది. మా అమ్మ చేసే బీడీ లేదు. సిరిసిల్లల బట్ట నేసే సాంచె లేదు. కొండగట్టు లేదు. మన పిల్లలు గా పుస్తకంల యాడున్నరు?"

 చప్పట్లు. వకీళ్లు వెనక్కి తిరిగి చూశారు. డప్పు కొట్టేవాళ్లు డప్పు మీద ఒక దెబ్బ వేశారు. ఆ చప్పుడు ఆమెకు పాదాల నుంచి పైకి ఎక్కింది. ఇంకోసారి అంది, ఈసారి గొంతు పెంచి. మన పిల్లల పుస్తకంలో మన ఊరు ఉండాలె అంది. మన బొమ్మ లేని పుస్తకం మనకు వద్దు అంది. చప్పట్లు ఇంకా పెరిగాయి. తను ఎంచిన పుస్తకంలో మేక ఉంది, బీడీ లేదు, కొండగట్టు లేదు అన్న సంగతి ఆ నిమిషంలో ఆమెకు గుర్తు రాలేదు. గుర్తు వచ్చి ఉంటే ఆగేదా అంటే, చెప్పలేం. చప్పట్ల మధ్య ఆగడం అలవాటున్నవాళ్లకైనా కష్టమే.

రాజన్న సారు చెడ్డ మనిషి అయితే ఈ కథ తేలికగా అయిపోయేది. కాదు. రాస్తారోకోలో పడ్డ లాఠీ దెబ్బకు ఆయన ఎడమ కాలు ఇంకా కుంటుతోంది. ఆయన ఆ మాట నమ్మాడు. జగిత్యాలలో బడి యజమానుల మీటింగ్ జరిగితే అక్కడ నిలబడి, "మా నౌషీన్ మేడం నా కండ్లు తెరిపిచ్చింది" అని ఆమె మాటలే చెప్పాడు. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లు రాసుకున్నారు. అప్పుడే పుట్టిన ఒక కంపెనీ, మీరు అడిగినట్టే పుస్తకం చేస్తామని ముందుకు వచ్చింది. ఏప్రిల్ చివర మాదిరి ప్రతి వచ్చింది. సారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని తెచ్చి నౌషీన్ బల్ల మీద పెట్టాడు.

"సూడు మేడం. నువ్వు అడిగినయన్ని ఉన్నయి."

ఉన్నాయి. కవరు మీద కొండగట్టు. లోపలి అట్ట మీద పది జిల్లాల పటం. సాంచె ఉంది, బతుకమ్మ ఉంది, చాట ముందు కూర్చున్న బీడీల ఆడామె ఉంది. నౌషీన్ గుండె ఒక్కసారి పొంగింది, అది అబద్ధం కాదు. తర్వాత అలవాటుగా వేలు వెన్ను మీదికి పోయింది. కుట్టు లేదు. విడి కాగితాలు పేర్చి జిగురు పూసి అట్ట అంటించారు. బల్ల మీద తెరిచి చేయి తీసింది. పుస్తకం మెల్లగా లేచి, టప్పుమని మూసుకుంది.

పాఠం చూసింది. కొండగట్టు పాఠంలో మొదటి వాక్యమే ఘాట్ రోడ్డంత పొడుగు ఉంది, మలుపు తర్వాత మలుపు. మూడో తరగతి పిల్ల సగం ఎక్కేసరికి ఊపిరి పోతుంది. ప్రతి బొమ్మ కింద ఎనిమిదేసి లైన్లు. మన గొప్ప చరిత్ర, మన గొప్ప పని, మన గొప్ప మనుషులు. పుస్తకం అంతా టెంటు దగ్గరి ఉపన్యాసంలా ఉంది. తన ఉపన్యాసంలాగే.

సామేలు పుస్తకం సంచిలోంచి తీసి పక్కన తెరిచి పెట్టింది. అది పడుకునే ఉంది.

"సార్, గిది సూడుండ్రి. గిది తెరిచి ఉంటది. మన తల్లులకు చేతులు ఖాళీ ఉండయి. కొత్తది మూసుకుంటున్నది."

"మూసుకుంటే పిల్ల చెయ్యి పెట్టి పట్టుకుంటది మేడం. గదో పెద్ద సంగతా?"

"ఇంగ్లిష్ గుడ మస్తు బరువున్నది సార్."

"మెల్లగ తేలికైతది." సారు గొంతు తగ్గించాడు. "మేడం, గా సామేలు పుస్తకం ఆంధ్రల అచ్చయిందని తెల్సు గద. టెంటు కాడ నువ్వే అంటివి, మన బొమ్మ లేని పుస్తకం వద్దని. గా మాట నీదేనా కాదా?"

"నాదే సార్."

"మరి?"

నౌషీన్ దగ్గర జవాబు ఉంది. మాట నాదే, తప్పు మాట అనవచ్చు. లేదా, మాట వేరు, పుస్తకం వేరు అనవచ్చు. అయితే స్టాఫ్ రూములో నలుగురు టీచర్లు ఆమె వైపే చూస్తున్నారు, ఇన్నేళ్లలో ఎన్నడూ చూడనంత గౌరవంగా. చౌరస్తాలో కూరగాయలమ్మే ఆమె కూడా ఈమధ్య "మంచిగ మాట్లాడినవు బిడ్డా" అని కొత్తిమీర ఊరికే ఇస్తోంది. నౌషీన్ సామేలు పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. క్లాసులో నేను చూసుకుంటాలే అనుకుంది.

సామేలుకు తనే చెప్పింది. అతను సంచులు దించకుండానే విన్నాడు.

"నువ్వు మంచిగ మాట్లాడినవట గద అక్కా. బోయినపల్లి దాంక అచ్చింది నీ ముచ్చట."

"సామేలూ, నేను నీ పుస్తకాన్ని అనలే."

"నువ్వు అనలే. మా ఊరి టెంటు కాడ డప్పు కొట్టేది నేనే అక్కా. ఇగ సంచి ఏసుకోని బడికి పోతే, ఆంధ్ర ఏజెంటు అచ్చిండు అంటున్నరు. నా మొఖం మీద నా ఊరి పేరు లేదు, పుస్తకం మీద వాళ్ల ఊరి పేరున్నది. ఏం జేస్తం."

మాదిరి ప్రతి వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఉంచుకో. మీ అమ్మకు మేక నచ్చిందంటివి గద."

అతను మళ్లీ ఆ బడికి రాలేదు. సిరిసిల్లలో ఒక సాంచెల షెడ్డులో చేరాడని తర్వాత ఎవరో అన్నారు.

జూన్‌లో బడి తెరిచారు. నౌషీన్ అన్నట్టే క్లాసులో చూసుకుంది. పొడుగు వాక్యాలను బోర్డు మీద ముక్కలు చేసి రాసింది. ప్రతి బల్ల దగ్గర ఆగి పేజీ తన చేత్తో పట్టుకుని చదివించింది. అక్షిత చురుకైన పిల్ల, అందుకుంది. కొత్త పుస్తకం చూసి భూదేవి కూడా మురిసింది, అట్ట మీది కొండగట్టు అంజన్నకు దండం పెట్టుకుంది. "మాట నిలబెట్టుకున్నవు టీచరమ్మా" అంది. నౌషీన్ అక్షితను క్లాసులోకి తీసుకుపోయింది. ఆ రోజే ఇది ఆ పుస్తకం కాదక్కా అని ఉండాల్సింది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బడికి తాళం పడింది. కరెంటు పోయేది ఎప్పుడో, వచ్చేది ఎప్పుడో. రోడ్ల మీద వంటలు, రోడ్ల మీదే బతుకమ్మలు. దసరా అట్లాగే దాటింది. పిల్లలు ఇళ్లలో ఉండిపోయారు, ఇళ్లలో తల్లులు, తల్లుల ఒళ్లో చాటలు. టీచరు చేయి ఇప్పుడు ఏ పేజీ మీదా లేదు. ఉన్నది పుస్తకం ఒక్కటే.

దసరా అయిన తర్వాత ఒక మధ్యాహ్నం నౌషీన్ నడుచుకుంటూ భూదేవి ఇంటికి పోయింది. గడపలో వెలుతురు పడే చోట తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు. నేల మీద పుస్తకం. అది మూసుకోకుండా ఒక పక్క ఆకు కత్తిరించే రేకు, ఇంకో పక్క గోలెంలోంచి తీసిన తడి ఆకు కట్ట పెట్టారు. ఆకు తడికి పేజీ ఉబ్బింది. భూదేవికి రేకు కావాల్సి వచ్చినప్పుడల్లా అక్షిత దాన్ని తీసి ఇస్తోంది, పుస్తకం మూసుకుంటోంది, మళ్లీ తెరిచి గట్టిగా నొక్కుతోంది. నొక్కీ నొక్కీ నడిమి కాగితాలు ఊడి వచ్చాయి. వాటిని వరుస లేకుండా లోపల దోపారు.

"దా టీచరమ్మా, కూసో" అని భూదేవి చాపమీద తంబాకు దులిపింది. చేతులు ఆగలేదు.

"కథ చెప్తున్నవా అక్కా?"

"ఏం జెప్పాలె?"

నౌషీన్ బీడీల ఆడామె బొమ్మ తీసింది. "గిది సూసి చెప్పు."

భూదేవి తల వంచి చూసింది. "గీమె బీడీలు చేస్తలేదు."

"మరి?"

"గట్ల కూసుంటే చాట జారుతది. తంబాకంత ఒళ్లె పడుతది. గీ బొమ్మ గీసినోడు ఎన్నడన్న సూసిండా?" ఇంకో ఆకు చుట్టి, "మంచిగ గీసినా గంతే గద టీచరమ్మా. నేను పొద్దుందాక చేసేదే. పిల్ల పొద్దుందాక సూసేదే. దాన్ల చెప్పేందుకేమున్నది?" అంది.

అక్షిత ఎనిమిది లైన్లలో మొదటి దాని మీద వేలు పెట్టి, మూడో మాట దగ్గర ఆగిపోయింది. తల్లి దిక్కు చూసింది. తల్లి పిల్ల దిక్కు చూసింది.

ఏం కాలేదు గద ఇండ్ల అని మహమూదా బేగం అన్నమాట నౌషీన్ చెవిలో పడింది. ఇంట్లో పదేళ్లుగా వింటున్న కొలత అది. మైకు చేతికి రాగానే దాన్నే పారేసింది.

ఊడిన పుస్తకాన్ని ఇంటికి తెచ్చి తండ్రి ముందు పెట్టింది. "అబ్బాజాన్, దీన్ని కుట్టొచ్చా?"

ఇబ్రహీం చూడలేడు కాబట్టి వేళ్లతో వెన్నంతా తడిమాడు. కాగితాలు ఒక్కొక్కటిగా వేరు చేశాడు.

"కుట్టేందుకు మడత ఏది బేటీ? అన్ని విడి కాగితాలు. పక్కకెంచి పొడిచి కుట్టాలె. అట్ల కుడితే ఊడదు."

"తెరుచుకుంటదా?"

"ఇప్పటికన్న తక్కువ."

అయినా ఆమె దబ్బనం తీసింది. పక్కనుంచి పొడిచి కుట్టింది. ఇబ్రహీం చెప్పినట్టే అయింది. పుస్తకం గట్టిపడింది, లోపలి వైపు మాటలు సగం కుట్టులోకి పోయాయి. తెరిచి పెడితే ఇదివరకు మెల్లగా మూసుకునేది, ఇప్పుడు విరుచుకుపడ్డట్టు మూసుకుంది. మిగతా పిల్లల పుస్తకాలు తేవడానికి ఆమె మళ్లీ ఏ ఇంటికీ పోలేదు.

సమ్మె ఆగి బడి తెరిచిన వారంలో భూదేవి వచ్చింది. ఈసారి ఒళ్లో చాట లేదు, చేతిలో ఆకు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు పట్టుకుని నిలబడింది. పక్కన అక్షిత, భుజాన బట్టల సంచి.

"టీసీ కోసం అచ్చిన టీచరమ్మా. మేడిపల్లికి పంపుతున్న. మా అమ్మ దగ్గరుంటది."

"ఇంక సగం ఏడే ఉన్నది అక్కా."

"సగం ఏడు ఇంటికాడనే పాయె. గా పుస్తకం ముందట కూసోని పిల్ల ఏడుస్తది. నాకు రాదని ఏడుస్తదో, దానికి రాదని ఏడుస్తదో తెల్వదు. దాని నాయిన, ఇగ సాలు తియ్ అన్నడు. నేను గుడ ఎంతని ఆగుత."

నౌషీన్ బీరువా తెరిచి సామేలు వదిలేసిన ప్రతి తెచ్చింది. ఒక్క పిల్లకు ఇస్తే మిగతావాళ్లకు ఏం చెప్పాలని ఇన్నాళ్లు దాచింది. అసలు సంగతి, అది బయటికి తీస్తే తన మాట కూడా బయటికి వస్తుందని దాచింది. బల్ల మీద పెట్టి తెరిచింది. "గిది తీస్కపో అక్కా. సెలవులల్ల సూసుకుంటది."

భూదేవి వంగి చూసింది. పుస్తకాన్ని ఎవరూ పట్టుకోలేదు, అది తెరిచే ఉంది.

"ఓ పోరీ, సూడు" అంది కూతురితో. "మేక అంగి తింటున్నది. గీమె చీపురు పట్టుకోని సూస్తున్నది ఏంది, కొట్టక. గిది మొగుని అంగి అయ్యుంటది." నవ్వింది. అక్షిత బొమ్మ కింద వేలు పెట్టి, ఆ చిన్న వాక్యాన్ని ఒక్క ఊపులో చదివేసింది. ఎవరూ అడగలేదు, చదివింది.

భూదేవి నవ్వు మెల్లగా ఆగింది. ఆమె పుస్తకాన్ని చూసింది, నౌషీన్‌ను చూసింది.

"నువ్వు తెస్తనన్నది గిదే గద."

నౌషీన్ తల ఊపింది.

"ఉన్నదాన్ని ఎందుకు ఇయ్యకపోతివి?"

దానికి ఒక పెద్ద జవాబు ఉంది, టెంటు, మీటింగు, రాజన్న సారు, సామేలు అన్నీ ఉన్న జవాబు. నౌషీన్ అదేమీ చెప్పలేదు. "నేను టెంటు కాడ మాట్లాడిన మాటకు అక్కా" అంది. "మన బొమ్మ లేని పుస్తకం వద్దంటి. నా మాటనే పట్టుకున్నరు. నేను కాదనలే."

 భూదేవికి కోపం రాలేదు. కోపం వస్తే నౌషీన్‌కు తేలికగా ఉండేది. పుస్తకం మూసి, కొంగుతో అట్ట తుడిచి, బల్ల మీదనే వదిలేసింది.

"మంచిగనే మాట్లాడినవు టీచరమ్మా. గా దినం నేను గుడ గాడనే ఉన్న, చాట పట్టుకోని." కూతురి చేయి అందుకుని గుమ్మం దిక్కు తిరిగింది. "చాట కింద పెట్టి మరీ చప్పట్లు గొట్టిన."